చేపల ఆఫీసరుకు మేనమామ

మా చెల్లెలు ఫానెసి కూతురు అలినాఫే చేపల చదువు చదువుతానన్నప్పుడు సరే అనాల్సిందీ, కాదనాల్సిందీ నేనే. మాలో పిల్లల విషయంలో మేనమామ మాటే మాట. కన్నతండ్రి పక్కన కూర్చుని తల ఊపుతాడు. అందుకని ఆ ఆదివారం నన్ను చాప మీద కూర్చోబెట్టి, మొక్కజొన్న పిండి న్సీమా ముద్ద, రెండు చాంబో చేపలు పెట్టి, నేను చేతులు కడుక్కున్నాక విషయం ఎత్తారు.

"చేపల చదువేమిటే? మొన్నటిదాకా నర్సు చదువన్నావుగా?" అన్నాను.

"నేను అనలేదు మామయ్యా. అమ్మ అంది."

"చేపల గురించి చదవడానికి ఏముంది? ఈదుతాయి, వలలో పడతాయి, ఎండబెడతాం, తింటాం. అయిపోయింది చదువు. కావాలంటే సర్టిఫికెట్ నేనే రాసిస్తాను, పట్టుకో."

మా అమ్మ నాఫిరి గుమ్మంలో కూర్చుని ఎండు చేపల్లో ఇసుక చెరుగుతోంది. డెబ్బై దాటిన మనిషి. ఆమె గొంతు వినబడితే సరస్సు తీరంలో బేరగాళ్ళు చొక్కా సర్దుకుని నిలబడతారు.

"నీ చిన్నప్పుడు చాంబో నా మోచెయ్యంత ఉండేదిరా బ్లెక్సన్," అంది చేట దించకుండానే. "ఇప్పుడు నువ్వు తిన్నది నా అరచెయ్యంత. మిగతా చెయ్యి ఎక్కడికి పోయిందో దాన్ని కనుక్కు రానీరా."

జవాబు లేనప్పుడు పెద్దమనిషి ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. ఈ చదువు అసలు నా ఆలోచనే అన్నట్టు గొంతు సవరించుకుని, సరే అన్నాను.

రెండేళ్ళు చదివింది. చదువైతే వచ్చింది కానీ ఉద్యోగం రాలేదు. మొదటిసారి దరఖాస్తు పెడితే ఖాళీల్లేవన్నారు. రెండోసారి ఖాళీ ఉంది కానీ దాని దరఖాస్తు కనబడలేదు. ఊరికే కూర్చునే పిల్ల కాదు అది. పొద్దున్నే పక్క తీరానికి నడిచిపోయి, ఒడ్డుకు వచ్చిన ప్రతి దోనెలోనూ చేపల్ని కొలిచి, నోటుపుస్తకంలో రాసుకునేది. జీతం లేదు, భత్యం లేదు. జాలర్లు నవ్వేవాళ్ళు. ఒక కుర్రకుంక అయితే, "నన్ను కూడా కొలువు పిల్లా, మా ఇంట్లో పెళ్ళి పెళ్ళంటున్నారు," అన్నాడట. ఇది వాడిని కిందినుంచి పైదాకా చూసి, "కొలిచాను. నువ్వింకా చిన్నవాడివి, నీళ్ళలో వదిలెయ్యాలి," అందట. ఆ తర్వాత ఆ తీరంలో దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు. వాడిని చూసి నవ్వడం మొదలుపెట్టారు.

మూడోసారి ఇంటర్వ్యూకి పిలిచారు. అది అయ్యాక నేరుగా మా ఇంటికే వచ్చి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని దండం పెట్టి, "ఉద్యోగం వచ్చింది మామయ్యా, నీవల్లే వచ్చింది," అంది.

"నేనేం చేశాను?"

"చివర్లో ఒక ప్రశ్న అడిగారు. సొంత బంధువే చట్టం తప్పితే ఏం చేస్తావని. నేనన్నానూ, మా మేనమామే మా తీరంలో వేట సరిగ్గా జరిగేలా చూసే సంఘానికి చైర్మన్ అండీ, మా ఇంట్లో ఆ అవసరం రాదూ అని. అందరూ మెచ్చుకున్నారు."

నాకు దగ్గు వచ్చింది. చాలాసేపు వచ్చింది.

ఆ దగ్గు ఎందుకో ఇప్పుడు చెప్పకపోతే కథ ముందుకు పోదు. నాకు రెండు వలలుండేవి. ఒకటి వాకిట్లో, దారిన పోయే ప్రతివాడికీ కనబడేలా ఆరేసి ఉంటుంది. దాని కన్నులో మూడు వేళ్ళు దూరతాయి. చట్టం చెప్పిన వల అది. రెండోది దోమతెరలు కలిపి కుట్టింది, పదిహేను బారల పొడవు. దోమే దూరని దాంట్లోంచి చేపపిల్ల ఏం దూరుతుంది? అది ఏటి పక్కన మా మొక్కజొన్న మడిలో ఎండుచొప్ప కింద పడుకుని ఉంటుంది. వారానికో రెండు సార్లు, మంచు విడవక ముందు, దాన్ని నిద్ర లేపేవాణ్ణి. తేలడానికి బెండ్లు కొనడం దండగని, నా పాత నీలం రబ్బరు చెప్పుల్ని ముక్కలు కోసి కట్టుకున్నాను. నా పాదం పదమూడో నంబరు. మా న్సాలా తీరంలో ఆ కొలత కాలు ఇంకొకటి లేదు. ఈ సంగతి ఆ చెప్పులు కోసేటప్పుడు నాకు తట్టలేదు.

తప్పు కాదా అంటారు. అలాంటి వలలు చాలామంది దగ్గరున్నాయి. ఒక్కడు చేస్తే తప్పు, ఊరంతా చేస్తే ఆచారం అని నా మనసుకు చెప్పుకునేవాణ్ణి. సంఘం సమావేశాల్లో దొంగ వలల గురించి అందరికన్నా గట్టిగా మాట్లాడేదీ నేనే. విషయం నాకు బాగా తెలుసు కనుక.

అలినాఫేని మా తీరానికే వేశారు. ఖాకీ చొక్కా, నల్ల బూట్లు, వలకన్ను కొలవడానికి మెడలో వేలాడే ఒక రేకు ముక్క. మొదటిరోజు పొద్దున ఆఫీసు గది తలుపు తీసేసరికి బయట పదిహేనుమంది. పాపం, అందరూ చేపల గురించి అడగడానికి వచ్చారనుకుంది.

ముందు నిలబడింది కచింగ్వే. వాడూ నేనూ ఒకే దోనెలో పెరిగాం. వాడి నోరు ఊరంతటికీ తెలుసు.

"అమ్మాయ్, మీ నీటిగుర్రం నా గుమ్మడి పాదులన్నీ మేసేసింది," అన్నాడు.

"నీటిగుర్రం నాది కాదు బాబాయ్."

"నీది కాదులే, ప్రభుత్వానిది. నువ్వెవరి మనిషివి?"

"ప్రభుత్వం మనిషినే. కానీ నాది చేపల శాఖ. నీటిగుర్రం అడవి జంతువుల శాఖ కిందికి వస్తుంది."

"అది నీళ్ళలో ఉంటుందా, ఉండదా?"

"ఉంటుంది."

"ఈదుతుందా?"

"నిజం చెప్పాలంటే ఈదదు బాబాయ్. అడుగున నడుస్తుంది."

"విన్నారా!" అని కచింగ్వే వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు. "నీళ్ళ అడుగున నడిచేది అడవి జంతువట! నీళ్ళ అడుగున అడవి ఎక్కడుందో చూపించవే తల్లీ, కట్టెలు కొట్టుకొస్తాం."

అడవి జంతువుల శాఖకు ఫోన్ చేసింది. వాళ్ళకున్న ఒక్క జీపు ఏనుగుల వెంట పోయిందట, నెల రోజులు పడుతుందన్నారు. ఊళ్ళో జనం నెల రోజులు ఊరుకుంటారా? చివరికి ఇది చేసిందేమిటంటే, నోటుపుస్తకం తీసుకుని ఏటి ఒడ్డున పుట్ట మీద కూర్చుని, నీటిగుర్రం ఎప్పుడు బయటికొస్తోంది, ఏ దారిన వస్తోంది, ఎవరి మడిలో ఎంతసేపు మేస్తోంది అన్నీ రాయడం మొదలుపెట్టింది. "చేపల ఆఫీసరు నీటిగుర్రానికి హాజరు వేస్తోందర్రా," అని కచింగ్వే ఊరంతా చాటాడు.

ఆ జంతువుకి ఊళ్ళో "చైర్మన్" అని పేరు పడిందని నాకు అప్పుడే తెలిసింది. ఎందుకని మా అమ్మనడిగాను.

"పగలంతా నీళ్ళలో కూర్చుంటుంది, ఎవరైనా దగ్గరికొస్తే నోరు తెరుస్తుంది, ఇంక ఏ పనీ చెయ్యదు. అందుకని," అంది మా అమ్మ. కాస్తయినా మొహమాటపడలేదు.

నవంబరు ఒకటో తేదీ వచ్చింది. చేపలు పిల్లలు పెట్టే కాలం, వేట బంద్. ఆ రోజు జిల్లా నుంచి ముకుంబ్వా గారని పెద్ద ఆఫీసరు వచ్చాడు. తెల్లచొక్కా, సన్నని మీసం, బూట్లలోకి ఇసుక పోకుండా వేళ్ళ మీద నడిచే మనిషి. తీరంలో సమావేశం పెట్టారు. ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టే తడికెల మంచెల పక్కన ఒక బల్ల, నాలుగు కుర్చీలు. పొద్దుటినుంచి ఆకాశం నల్లగా మూసుకుని, వాన కురిపించనా వద్దా అని చూస్తోంది.

అలినాఫే లేచి మాట్లాడింది. చాంబో తల్లి గుడ్లని నోట్లో పెట్టుకుని మోస్తుందనీ, గుడ్లు పిల్లలై, ఈదడం నేర్చేదాకా సరిగ్గా మేత కూడా ముట్టదనీ, అలాంటి తల్లిని ఒక్కదాన్ని పట్టుకుంటే కొన్ని వందల చేపల్ని పట్టుకున్నట్టేననీ చెప్పింది. ఆడవాళ్ళు కదలకుండా విన్నారు. పిల్లకి మాట్లాడటం వచ్చు.

తర్వాత చైర్మన్ ప్రసంగం. నేను లేచాను. మేనకోడలు చూస్తోంది, పెద్ద ఆఫీసరు చూస్తున్నాడు, నాకు పూనకం వచ్చింది.

"సన్నకన్ను వల వేసేవాడు జాలరి కాదు!" అన్నాను బల్ల చరిచి. "వాడు తన మనవడి కంచంలో చెయ్యి పెట్టి తింటున్నాడు! అలాంటివాడు ఈ తీరంలో ఎవడైనా ఉంటే ఇప్పుడే, ఈ క్షణమే, అందరి ముందుకూ రావాలి!"

చప్పట్లు కొట్టారు. కచింగ్వే కొట్టలేదు, వాడికి నవ్వు ఆగక చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు మొక్కజొన్న మడుల వైపు నుంచి ఒక ఆడమనిషి కేక వినబడింది. వెనకే చొప్ప విరుగుతున్న చప్పుడు.

మబ్బు పట్టిన రోజు కదా, పొద్దెక్కిందని తెలియక నీటిగుర్రం మా మొక్కజొన్న మడిలోనే ఉండిపోయింది. ఇప్పుడు నీళ్ళలోకి పోతోంది. దాని దారికి మేం అడ్డంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అది రావడం చూశాను. దాని నెత్తి మీంచి వీపు మీదుగా, వెనక అయిదారు బారల దూరం ఈడ్చుకుంటూ, తెల్లగా, పల్చగా, నా వల. అంచు పొడుగునా నీలం చెప్పుల ముక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"పెళ్ళికూతురు వస్తోందర్రోయ్, తప్పుకోండి!" అని కచింగ్వే అరిచాడు, తనే ముందు పరిగెత్తుతూ.

జనం ఎటుబడితే అటు పోయారు. నేను దోనె చాటుకి పోయాను. ముకుంబ్వా గారు తడికెల మంచె ఎక్కాడు. మంచె ఎండు చేపల కోసం కట్టింది, ఆఫీసర్ల కోసం కాదు. విరిగి, ఆయన మా అమ్మ ఎండబెట్టుకున్న చేపల్లో నడుముదాకా దిగిపోయాడు. అంత బీభత్సంలోనూ కదలకుండా నిలబడ్డ మనిషి మా అమ్మ ఒక్కతే. "లేవయ్యా బాబూ, అవి పొద్దున పెట్టినవి!" అని ఆయన మీదికి పోయింది. నీటిగుర్రం మా ఎవరివంకా చూడలేదు. బల్ల తన్నేసి, నా ప్రసంగం కాగితం తొక్కేసి, వలతో సహా నీళ్ళలోకి దిగింది.

ఇసుకలో ఒక చెప్పు ముక్క ఊడిపడి ఉంది. మా అమ్మ వెళ్ళి దాన్ని తీసింది. అటూ ఇటూ తిప్పి చూసి, నా దగ్గరికొచ్చి, వంగి, నా పాదం పక్కన పెట్టింది. మడమ ముక్క. అతికినట్టు సరిపోయింది.

అలినాఫే నా ముందుకొచ్చి నిలబడింది.

"మామయ్యా, ఆ వల ఎవరిది?"

"దాని మీదుంది కాబట్టి," అన్నాను, "నీటిగుర్రానిదేమో."

ఎవరో కిసుక్కుమన్నారు. అలినాఫే నవ్వలేదు. దాని కళ్ళు నా మొహం మీంచి చెప్పు ముక్క మీదికీ, మళ్ళీ నా మొహం మీదికీ తిరిగాయి. చిన్నప్పుడు నా భుజం మీద కూర్చుని సరస్సు చూసిన కళ్ళు. ముకుంబ్వా గారు మీసంలోంచి చేపలు దులుపుకుంటూ, "ఎవరిదమ్మా వల?" అని అడిగాడు.

"మా మేనమామదండీ," అంది.

నేల చీలిపోతే దూకేద్దామనిపించింది. కానీ మా తీరం నేల ఇసుక. చీలదు.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. నీటిగుర్రం ఒడ్డుకు దగ్గరలోనే నిలబడి తల విదిలిస్తోంది. వల ఒక చెవికీ, కోరకీ చుట్టుకుంది. విదిలించినకొద్దీ బిగుస్తోంది. అలాగే వదిలేస్తే అది గింజుకుని చావనైనా చస్తుంది, కోపంతో ఏ దోనెనైనా తిరగెయ్యనైనా తిరగేస్తుంది.

"నీటిగుర్రం మన శాఖ కాదు," అన్నాడు ముకుంబ్వా గారు.

"కాదులెండి," అన్నాడు కచింగ్వే ఎంతో వినయంగా. "వల మీ శాఖే కదండీ. కిందున్నది అక్కడే వదిలేసి, పైనున్నది మీరు పట్టుకుపోండి."

ఆఫీసరు గారికి ఆ క్షణాన జిల్లాలో ఏదో అర్జంటు పని గుర్తొచ్చింది. రిపోర్టు రాస్తానని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ అలినాఫేతో, "జాగ్రత్తమ్మా," అన్నాడు. అది మాత్రం మనస్ఫూర్తిగానే అన్నాడు.

అలినాఫే నోటుపుస్తకం తెరిచింది. పన్నెండు రోజుల హాజరు అందులో ఉంది. "పన్నెండు రోజుల్లో పదకొండు రోజులు పొద్దుగూకే ముందు ఏటి మూల రెండు బండరాళ్ళ మధ్యనుంచే పైకి వచ్చింది," అంది. "ఆ సందులో రెండువైపులా గుంజలు పాతి, వాటికి కొంకులు బిగిస్తే, ఈడ్చుకొస్తున్న వల వాటికి తగులుకుంటుంది. అది ముందుకుపోతే వల వెనక ఉండిపోతుంది."

"గుంజలు ఎవరు పాతుతారు?" అని అడిగారెవరో.

అందరూ నన్నే చూశారు. మా అమ్మ అప్పటికే గడ్డపార తెచ్చింది.

ఆ మధ్యాహ్నమంతా నేను గోతులు తీశాను. బరువైన మోపనే కర్ర గుంజలు మోశాను. కచింగ్వే తన లంగరు కొంకులు తెచ్చి బిగించాడు, నోరు మాత్రం ఆపలేదు. "లోతుగా తియ్యరా చైర్మన్, నీ పరువు కూడా అందులోనే పూడ్చాలి." ఆడవాళ్ళు గట్టు మీద చేరి, నేను గడ్డపార ఎత్తినప్పుడల్లా నా ప్రసంగంలో మాటలు ఒక్కొక్కటీ పాటకట్టి పాడారు. మనవడి కంచం, మనవడి కంచం అని. ఆ పాట ఇప్పటికీ మా ఊళ్ళో దంపుళ్ళప్పుడు పాడుతున్నారు.

పొద్దు వాలుతుండగా అందరం దూరంగా పుట్ట మీద చేరాం. నీటిగుర్రం అలసిపోయి, మెల్లగా పైకి వచ్చింది. రాళ్ళ మధ్యకు రాగానే ఎడమ కొంకుకి వల తగిలింది. అది ఆగింది. వెనక్కి ఒక అడుగు వేసింది. అలినాఫే నా చెయ్యి పట్టుకుంది, తనకి తెలియకుండానే. నీటిగుర్రం ఒక్క అరుపు అరిచి ముందుకు దూకింది. చర్రుమని వల చిరిగింది. నాలుగు నెలలు నా చేత్తో కుట్టిన కుట్లు ఒకటొకటే తెగుతున్న చప్పుడు నాకు ఇక్కడ, గుండెలో వినబడింది. తలమీంచి వల జారి గుంజకు వేలాడింది. ఆ జంతువు చెవులు టపటపా ఆడించి, ఏమీ జరగనట్టు కచింగ్వే గుమ్మడి తోట వైపు నడిచింది.

"ఆగవే, ఆగవే!" అని కచింగ్వే పుట్ట మీంచే అరిచాడు. పుట్ట మాత్రం దిగలేదు.

శనివారం ఊరి పెద్ద ముందు పంచాయితీ జరిగింది. అలినాఫే ఫిర్యాదు చదివింది. నా పేరు, నా వల పొడవు, వలకన్ను కొలత, అన్నీ. కన్ను కొలత దగ్గర "కొలిచే రేకు దూరలేదు" అని రాసింది. తీర్పు ఏమిటంటే, చైర్మన్ పదవి పోవాలి, వేట బంద్ ముగిసేదాకా నేను సంఘానికి ఊరికే పని చెయ్యాలి, వలని నేనే కాల్చాలి. కాల్చాను. తీరంలో నిలబడి అగ్గిపుల్ల గీస్తుంటే మూడు పుల్లలు ఆరిపోయాయి. నాలుగోది కచింగ్వే గీసిచ్చాడు.

ఆ సాయంత్రమే వాడు ఒక గోనెసంచి తెచ్చి ఆఫీసు గది ముందు పడేశాడు. అందులో దోమతెరల వల.

"ఎక్కడిది బాబాయ్?" అంది అలినాఫే.

"దారిలో దొరికింది."

మర్నాడు ఇంకో మూడు దారిలో దొరికాయి. ఆ వారం మా ఊరి దారుల్లో మొత్తం తొమ్మిది వలలు దొరికాయి. దారులు శుభ్రంగా ఉంచుకోవాలని ఊరి పెద్ద చాటింపు వేయించాడు.

కొత్త చైర్మన్ కోసం చేతులెత్తించారు. కచింగ్వే నిలబడ్డాడు. ఎవడో వెనకనుంచి నీటిగుర్రం పేరు చెప్పాడు, దానికి చాలా చేతులు లేచాయి. అప్పుడు మా అమ్మ లేచి నిలబడి, "నేను చేస్తాను," అంది. ఎత్తిన చేతులన్నీ దిగి మళ్ళీ లేచాయి. కచింగ్వేది అందరికన్నా ముందు లేచింది.

ఇదంతా చెప్తుంటే నవ్వులాటగానే ఉంటుంది. కానీ ఇరవై రోజులు నేను అలినాఫేతో మాట్లాడలేదు. అది రోజూ పొద్దున్నే వచ్చేది. ఖాకీ చొక్కాతోనే నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "బాగా నిద్రపట్టిందా మామయ్యా?" అని అడిగేది. "పట్టింది, నీకు పట్టిందా?" అనేవాణ్ణి. ఆ రెండు మాటలూ మానడానికి లేదు, మర్యాద. మూడో మాట అనేవాణ్ణి కాదు. ఊళ్ళో కొందరు దాన్ని తిట్టారు. మేనమామని పంచాయితీకి ఈడ్చిన పిల్లని ఎవడు చేసుకుంటాడన్నారు. అలా అన్నవాళ్ళతో నేను పోట్లాడలేదు. అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

ఇరవై ఒకటో రోజున, నిద్ర గురించి అడిగాక, ఒక కాగితం నా చాప మీద పెట్టింది.

"ఏమిటిది?"

"బదిలీ కోసం రాశాను మామయ్యా. ఉత్తరాన ఎక్కడికైనా పంపమని. నువ్వలా మొహం తిప్పుకుంటే నేనిక్కడ పని చెయ్యలేను."

"తప్పు చేసింది నేనైతే ఊరు వదిలేది నువ్వా?"

అది తల దించుకుంది. "వేరే ఎవరి వలయినా నేను అలాగే చెప్పేదాన్ని. నీదైనప్పుడు చెప్పకపోతే ఇంకెవరితోనూ చెప్పలేను. కానీ ఆ రోజునుంచీ నాకు న్సీమా దిగడం లేదు."

చూశాను. నిజంగానే చిక్కిపోయింది. నోట్లో పిల్లల్ని పెట్టుకున్న చేపలాగా ఈ పిల్ల ఇన్నాళ్ళూ తిండి మానేసి తిరుగుతోందని ఊళ్ళో నాకొక్కడికే తెలియలేదు.

"కాగితం ఆ చూరులో పెట్టు," అన్నాను. "తెడ్డు తీసుకో."

ఇద్దరం దోనెలో పోయాం. కొంగల బండ దాటి, రెల్లు చుట్టూ తిరిగి, బయటినుంచి కనబడని ఒక మడుగులోకి తీసుకెళ్ళాను. ఆ చోటు మా నాన్న నాకు చూపించాడు. నేను ఎవరికీ చూపలేదు, కచింగ్వేకి కూడా. గాలి లేని పొద్దున అక్కడ నీళ్ళు గాజులా ఉంటాయి. అడుగున ఇసుకలో కంచాలు పరిచినట్టు గుంటలు. ఒక్కో గుంట మీద ఒక్కో నల్లటి మగచేప కాపలా. పక్కన రాళ్ళ నీడలో దవడలు ఉబ్బిన తల్లులు.

అలినాఫే దోనె అంచున బోర్లా పడుకుని ముక్కు నీళ్ళకు ఆనించింది. ఒక తల్లి నోరు తెరిచింది. పొగలాగా పిల్లలు బయటికొచ్చాయి. దోనె నీడ కాస్త కదిలిందో లేదో, మళ్ళీ అన్నీ నోట్లోకి దూరిపోయాయి.

"పుస్తకంలో బొమ్మ చూశాను మామయ్యా," అంది చాలాసేపటికి. "నిజంగా ఇప్పుడే చూడటం."

"నేను నలభై ఏళ్ళుగా చూస్తున్నాను," అన్నాను. "చూసిన ప్రతిసారీ వల వేశాను."

అది లేచి కూర్చుని కళ్ళు తుడుచుకుంది. నీళ్ళు తగిలాయని చెప్పింది. సరే, నేనూ అదే చెప్పాను.

తర్వాత పని మాటల్లో పడ్డాం. ఇక్కడ బోర్డు పెడితే దొంగకి దారి చూపించినట్టే. కాపలా పెడితే కాపలావాడే తినేస్తాడు. చెట్ల మోళ్ళు, వేళ్ళతో సహా, అక్కడక్కడ ముంచేస్తే ఏ వల వేసినా చిరిగిపోతుంది, చేపలకి మాత్రం నీడ దొరుకుతుంది. దాని చదువులో ఉందట ఆ కిటుకు. ఏ మోడు ఎక్కడ వేస్తే గుంటలు చెడవో దాని చదువులో లేదు, అది నాకు తెలుసు. బంద్ ముగిసేదాకా సంఘానికి ఊరికే చెయ్యాల్సిన పని అలా దొరికింది. నలభై రెండు మోళ్ళు ముంచాను. నడుం పట్టేసింది. మడుగు ఊసెత్తకుండా, కొంగల బండ అవతల ఎవరూ వల వెయ్యకూడదని మా అమ్మ సంఘంలో తీర్మానం చేయించింది. కారణం అడిగినవాళ్ళకి, "నేను చెప్పాను కాబట్టి," అంది. బదిలీ కాగితం చూరులో ఎలకలు కొరికేశాయి.

వేట మళ్ళీ మొదలైన వారానికి, నేనూ అలినాఫే కొత్త పిల్లల్ని లెక్కపెట్టడానికి పోతే, మడుగు మధ్యలో కచింగ్వే దోనె ఉంది. వాడి వల కొసలు రెండూ మోళ్ళకి చిక్కుకుని ఉన్నాయి. లాగుతున్నాడు, తిడుతున్నాడు.

"ఒరేయ్ బ్లెక్సన్! గాలికి కొట్టుకొచ్చానురా," అన్నాడు మమ్మల్ని చూడగానే. ఆకు కూడా కదలడం లేదు. "ఏ వెధవ ఇక్కడ మోళ్ళు పడేసింది?"

"నేనే."

వాడు నీళ్ళలోకి చూశాడు. అడుగున గుంటలు, కాపలా కాసే నల్ల చేపలు. మళ్ళీ నన్ను చూశాడు. "ఈ చోటు నీకెప్పటినుంచి తెలుసు?"

అబద్ధం చెప్పొచ్చు. మేనకోడలు పక్కనే ఉంది. "మా నాన్న పోకముందునుంచి," అన్నాను.

"అంటే మనిద్దరం ఒకే దోనెలో తిరిగినన్నాళ్ళూ!" కచింగ్వే గొంతు బొంగురుపోయింది. "నా పొగాకు తాగుతూ, నా మాండాసీ బూరెలు తింటూ! ఈ వేళ చేపల్లేవురా కచింగ్వే, ఇంటికి పోదాం పద, అనేవాడివి! దొంగ వల ఎవడైనా వేస్తాడురా. దొంగ స్నేహం చేసినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను."

దానికి పంచాయితీలో కూడా శిక్ష లేదు. నేను తల దించుకున్నాను. అలినాఫే మెల్లగా మా దోనెని వాడి దోనె పక్కకి చేర్చి, చిక్కుకున్న వల ముడులు విప్పడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ మెడలో రేకు తీసి కన్ను కొలిచింది. దూరింది. "వల మంచిదే బాబాయ్," అంది. "చోటే తప్పు. ఈసారికి రాసుకోను."

కచింగ్వే వినడం లేదు. దోనె అంచుకి వాలి కిందికి చూస్తున్నాడు. రాళ్ళ నీడలోంచి ఒక చాంబో బయటికొచ్చింది. పాతకాలంనాటిది, మా అమ్మ మోచెయ్యంత కాకపోయినా, మణికట్టు దాటి బాగా పైకే ఉంటుంది.

"ఓరి నీ! ఎంతుందిరా అది!" అన్నాడు గుసగుసగా, నామీద కోపం మరిచిపోయి.

"చూడు," అన్నాను. "ఎంతసేపైనా చూడు. చెయ్యి మాత్రం పైనుంచు."